సలోమి కోసం ప్రార్థించండి

జనవరి 9, గురువారం

యేసమ్మ గారు నా రాతప్రతిని చేత్తో కూడా తాకలేదు. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. గురువారం మధ్యాహ్నాలు తన వసారాలో స్త్రీల ప్రార్థన కూడిక ఉంటుందట. అది అయ్యాక వాళ్లందరి ముందూ వారానికో అధ్యాయం చదివి వినిపించాలట. చివరి అధ్యాయం విన్నాక సంతకం పెట్టేదీ లేనిదీ చెబుతారట.

నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్. పుంగనూరు వసారాలో చింతపండు కొట్టే ఆడవాళ్లకు అంతరిక్ష నౌక కథ చదివి పాసవ్వాలి.

బస్సు మదనపల్లె చేరేదాకా కోపంగానే ఉన్నాను. దిగాక ఆకలేసింది.

జనవరి 10

కోపం తగ్గింది కాబట్టి వరసగా రాసుకుంటాను.

జాకబ్ గారు యేసమ్మ గారి అన్న. మా మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. నలభై ఏళ్ల కిందట, ఫిల్ములు కడిగే చీకటి గదిలో వాటిని ఆరబెట్టే ఖాళీలో, "రాగిచుక్క" ఊహించుకున్నాడు. మొత్తం ఆరు పుస్తకాలు. మన వైపు జనం భూమిని వదిలి ఒక ఎర్రమట్టి గ్రహానికి పోతారు. అక్కడా బోర్లు వేస్తారు. అక్కడా వేరుశెనగ పెడతారు. అక్కడా వాన రాదు. నాకు పదమూడేళ్లప్పుడు ఆస్పత్రి క్వార్టర్స్ అటక మీద దొరికాయి. అమ్మ నైట్ డ్యూటీలు చేసి పగలు నిద్రపోతుంటే, నేను ఆ గ్రహంలో తిరుగుతూ పెరిగాను.

మొదటి పుస్తకం మొదటి వాక్యంలోనే ఒక సమాధి. అది సలోమిది. నౌకను నడిపించి జనాన్ని అక్కడికి చేర్చిన ఇంజనీరు ఆమె. బడికి పోయే పిల్లలు ఆ సమాధి మీద ఒక్కో గులకరాయి పెట్టి పోతారు. ఆరు పుస్తకాల్లోనూ అందరూ ఆమె గురించి చెప్పుకుంటారు. ఆమె గొంతు మాత్రం ఒక్కసారీ వినపడదు.

నాది దానికి ముందు జరిగిన కథ. నౌక, ప్రయాణం, బతికున్న సలోమి. కుప్పంలో పెళ్లిపత్రికలు అచ్చేసే నాగేంద్ర అన్న పాత ఆరింటినీ మళ్లీ తెస్తున్నాడు. రాయడంలో నాది ఏడోది, చదవడంలో మొదటిది. జాకబ్ గారు పోయాక, భార్యాపిల్లలు లేరు కాబట్టి, హక్కులు చెల్లెలివి. ఆ చెల్లెలు ఇప్పటికే ఇద్దరిని వెనక్కి పంపింది. ఒకాయన రిటైర్డ్ ప్రొఫెసర్, ఇంకొకాయన టీవీ సీరియళ్లు రాసేవాడు. మార్చి ఆఖరులోగా సంతకం రాకపోతే నాది లేకుండానే ఆరూ వచ్చేస్తాయి. ఏప్రిల్ పుడితే నాగేంద్ర అన్న మిషన్ మీద పెళ్లికొడుకుల పేర్లు తప్ప ఏమీ తిరగవు.

స్కూల్లో టీచరు పని మానేసిన సంగతి ఇక్కడ రాయనక్కర్లేదు. అమ్మ రోజూ గుర్తు చేస్తూనే ఉంది.

జనవరి 16, గురువారం

పదకొండు మంది, పదకొండు సుత్తులు. పాట, వాక్యం, ప్రార్థన అయ్యాక గోతాలు విప్పుతారు. పండు మీద చిన్న సుత్తితో ఒక దెబ్బ వేస్తే గింజ ఒకవైపు, గుజ్జు ఒకవైపు. నేను చదువుతున్నంతసేపూ టక్ టక్ టక్. నౌక భూమిని వదిలే చోట నేను గొంతు పెంచాను. అప్పుడే ఒకామె పక్కామెను గంప జరపమంది.

అయ్యాక యేసమ్మ గారు ఒక్కటే అడిగారు.

"సలోమి యాల పాపా అంత మర్యాదగా మాట్లాడతాది? ఇంజనీరా, టీవీలో వార్తలు సదివే ఆమెనా?"

ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు. ముప్పై ఏళ్లు నర్సు పని చేశారు. పుంగనూరంతా సిస్టరమ్మ అంటుంది. సూది గుచ్చాక దూది అద్దే అలవాటు ఆమెకు లేదనుకుంటాను.

జనవరి 17

వాళ్లకేం తెలుసు సైన్స్ ఫిక్షన్ గురించి.

జనవరి 18

సలోమి మాటలన్నీ కొట్టేసి మళ్లీ రాస్తున్నాను. వాళ్ల కోసం కాదు.

జనవరి 23, గురువారం

సలోమిది ఇప్పుడు తంబళ్లపల్లె. వాళ్ల నాన్న బోరు బండి మీద పనిచేసేవాడు. ఎంత లోతులో రాయి తగులుతుందో చప్పుడును బట్టి చెప్పగలదు. నౌక కెప్టెన్ ఆమెకు నక్షత్రాల పటం చూపించి ఉపన్యాసం ఇస్తుంటే, "పోయే దోవ నీకే తెలీదప్పా, నాకు సెప్పొచ్చినావు" అంటుంది.

మూడు సుత్తులు ఆగాయి. ఆగడమే కాదు, ఒకామె సుత్తి గాల్లోనే పట్టుకుని నవ్వింది. యేసమ్మ గారు నవ్వలేదు గానీ నాకు ఇచ్చే కాఫీలో ఈసారి చక్కెర వేశారు.

జనవరి 30, గురువారం

ఇవాళ్టి రోజు నా జీవితంలో ఉండాల్సిందే.

మూడో అధ్యాయం. నౌకలో గాలి యంత్రం పూడిపోతుంది. గొట్టంలోకి దూరేంత సన్నగా ఉన్నది సలోమి ఒక్కతే. దూరి శుభ్రం చేస్తుంది, నాలుగొందల మందికి ఊపిరి వస్తుంది. ఆమె ఊపిరితిత్తుల నిండా మాత్రం ధూళి. డాక్టరు తల అడ్డంగా ఊపి బయటికి వెళ్లిపోతాడు.

పది సుత్తులూ ఆగాయి. వసారా అవతల కోడి నడిచిన చప్పుడు కూడా వినిపించింది. పదకొండో సుత్తి విజయమ్మది. ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండి గిన్నెలు కడిగి వచ్చేసరికి ఎప్పుడూ నేను చదవడం అయిపోయేది. ఇవాళ వచ్చి గుమ్మంలో నిలబడి, డాక్టరు తల ఊపిన దగ్గరి నుంచి విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు బస్సు టైమైంది. అక్కడికి ఆపి పరుగెత్తాను.

బస్సులో కూనిరాగం తీశాను. పక్క సీటు ఆయన లేచి ముందుకు వెళ్లి కూర్చున్నాడు.

ఫిబ్రవరి 3, సోమవారం

అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా, కుర్చీలో కూలబడి నవ్వింది. ఎంతకీ చెప్పదు. నీళ్లు తాగింది, మళ్లీ నవ్వింది. చివరికి చెప్పింది.

పుంగనూరు నుంచి ముగ్గురు ఆడవాళ్లు రొట్టె ప్యాకెట్టూ ఆరు కమలాలూ పట్టుకుని ఆస్పత్రికి వచ్చారట. ఊపిరాడక మంచాన పడిన సలోమి ఏ వార్డులో ఉందని అడిగారట. ఊపిరితిత్తుల జబ్బుల వార్డులో ఆ పొద్దు అమ్మే ఉంది. రిజిస్టరు మొత్తం వెతికింది. ఆ పేరుతో ఎవరూ లేరంటే, ముగ్గురిలో పెద్దామె, "సరిగ్గా సూడు సిస్టరూ. నిన్న ఆరాధనలో అయ్యగారు ప్రార్థన చేసినారు ఆ బిడ్డ కోసం" అందట. పెద్దామె పేరు విజయమ్మ.

"అప్పుడు గుర్తొచ్చింది షైలూ. నువ్వు రాసేదాంట్లో గొట్టంలో దూరిండే పిల్ల కదా ఆమె?"

వాళ్లకు చెప్పావా అంటే చెప్పలేదంది. ఆ ముఖాలు చూసి చెప్పబుద్ధి కాలేదట. రొట్టె, కమలాలు ఏమయ్యాయంటే, పక్క మంచం మీద ఎవరూ రాని ఒక ముసలామె ఉంటే ఆమెకిచ్చి, ఆమె కోసం కూడా ప్రార్థన చేసి పోయారట.

నేను నవ్వలేదు. మొదట భయం వేసింది. యేసమ్మ గారికి కోపం వస్తే సంతకం సంగతి అంతే. తర్వాత నవ్వాను. మేమిద్దరం అలా కలిసి నవ్వి ఎన్నాళ్లయిందో.

ఫిబ్రవరి 6, గురువారం

క్షమాపణ చెబుదామని గంట ముందే వెళ్లాను. జరిగింది ఇది. పోయిన గురువారం నేను పరుగెత్తాక విజయమ్మ, జబ్బు పడినవాళ్ల పేర్లు ఎక్కించే ప్రార్థన పుస్తకం అడిగి తీసుకుని, "సలోమి, ఊరు తెలీదు, ఊపిరి ఇబ్బంది" అని రాసింది. కథ మొదటి నుంచి విన్న పది మందీ ఆమె రాస్తుంటే చూశారు. ఎవరూ ఆపలేదు. ఆదివారం గుడిలో పాస్టరు ఐజాక్ అయ్యగారు ఆ పుస్తకం పట్టుకుని, మోకాలి ఆపరేషన్లకూ షుగరుకూ మధ్యలో, సలోమి కోసం బలిపీఠం ముందు నుంచి ప్రార్థన చేశాడు. నాది మదనపల్లె కాబట్టి సలోమి కూడా అక్కడి ఆస్పత్రిలోనే ఉంటుందని, కథ వినని ఇద్దరిని వెంటబెట్టుకుని విజయమ్మ బస్సెక్కింది.

పేరు కొట్టేద్దాం అన్నాను. పదకొండు మందీ నా వైపు ఒకేసారి చూశారు. ఆ పుస్తకంలోకి ఎక్కిన పేరును ఊరికే కొట్టేయకూడదట. ఇద్దరే కొట్టించగలరు. బాగుపడిన మనిషి తరఫున సాక్ష్యం చెప్పేవాళ్లు, లేదా భూస్థాపన చేసేవాళ్లు. ముప్పై ఏళ్లుగా అదే పద్ధతి.

కథలో మనిషి కదమ్మా అని విజయమ్మతో మెల్లగా అన్నాను. ఆమె గింజ ఏరి పారేస్తూ, "కతలో ఉండే మనిషికి ఊపిరి అక్కర్లేదా?" అంది.

ఆ మాట ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను.

ఐజాక్ అయ్యగారు కూడా వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, ఇదే మొదటి సంఘం. చెమటలు తుడుచుకుంటూ నన్ను పక్కకు పిలిచాడు. కథ అని ఇప్పుడు చెబితే, పుస్తకంలో ఇంకా ఎన్ని పేర్లు కథలని అడుగుతారట. త్వరగా ఏదో ఒకటి తేల్చమని బతిమాలాడు. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగి వచ్చి, గొంతు తగ్గించి, "ఇంతకీ ఇప్పుడెట్ల ఉండాది ఆమెకు?" అని అడిగాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇవాళ కూడా ప్రార్థన చేశారట.

ఫిబ్రవరి 12, బుధవారం. కుప్పం

నాగేంద్ర అన్న షాపులో మూడు గోడలకు పెళ్లిపత్రికల నమూనాలు, నాలుగో గోడకు రాగిచుక్క. ఏ పుస్తకంలో ఏ పేజీలో ఏం జరిగిందో చార్టు వేసి పెట్టుకున్నాడు. ఎవరి బావికి ఎంత లోతు, ఎవరి మేనమామ ఎవరు, అన్నీ. ఎవరైనా పెళ్లికూతురి తండ్రి లోపలికొస్తే ఆ చార్టు చూసి జాతకమనుకుంటాడట.

సలోమి ఎప్పుడు చనిపోవాలని అడిగాను. అది అడగాల్సిన ప్రశ్నే కాదన్నట్టు చూశాడు. నౌక దిగే రోజే. గ్రహం మీద మొట్టమొదటి సమాధి ఆమెదే. చదివినవాళ్లందరికీ తెలిసిన సంగతి. అట్ట బొమ్మ కూడా వేయించేశాడు. పాత అట్ట మీద ఉన్నట్టే జడ వేసుకున్న పడుచుపిల్ల, కళ్లు మూసుకుని, అద్దాల పెట్టెలో.

"ముందు కథ అంటే అదే కదమ్మా. ఆఖరు ఏందో అందురికీ తెలుసు. ఆడికి ఎట్ల పోతావనేదే నీ పని."

నిజమే. నాకూ మొదటి నుంచీ అదే ఉద్దేశం. చంపడానికి నాకేం భయం లేదు.

ఫిబ్రవరి 13, గురువారం

నౌకలో ట్రేలలో వేరుశెనగ పెంచే విధానం గురించి ఒక అధ్యాయం చదివాను. పాత్రల చుట్టూ ఉన్న ప్రపంచాన్ని చిక్కగా చూపించడం కూడా అవసరం.

సలోమికి ఎలా ఉందని ఇద్దరు అడిగారు. అలాగే ఉందన్నాను.

ఫిబ్రవరి 20, గురువారం

నౌకలో వేరుశెనగ కోత. ప్రపంచం ఇంకా చిక్కబడింది. ఒకామె, పొట్టు ఏం చేస్తారని అడిగింది. బయటికి విసిరేస్తారేమో అన్నాను. పదకొండు మందీ సుత్తులు ఆపి నన్ను తిట్టారు. పొట్టు ఎవరైనా పారేస్తారా అని.

ఇంటికొచ్చాక అమ్మ చదివింది. పేజీలు పక్కన పెట్టి, "సంపేదానికి సేతుల్రాక సాగదీస్తాండావు" అంది. అమ్మకు కథా నిర్మాణం గురించి తెలియదు.

ఫిబ్రవరి 27, గురువారం

ఇక దాచడం ఎందుకని ఇవాళ అధ్యాయం తీయకుండా నేరుగా చెప్పేశాను. సలోమి బతకదు. జాకబ్ గారి మొదటి పుస్తకంలో ఆమె సమాధి ఉంది, నేను మార్చలేను. ఆయన రాసిందాన్ని కాదంటే నాది ముందు కథ కాదు, వేరే కథ అవుతుంది.

యేసమ్మ గారు తలెత్తి నన్ను చూశారు, అంతే. విజయమ్మ మాత్రం సుత్తి కింద పెట్టింది.

"ఎన్నేండ్లకు సచ్చిపోయినాది?"

చిన్న వయసులోనే, ఇరవై నాలుగు ఉంటాయేమో అన్నాను.

"అట్లని రాసినాడా జాకబయ్య?"

సమాధి ఉందని రాశాడు కదా అన్నాను.

"సమాధి మా అత్తకూ ఉండాది పాపా. తొంభై ఏండ్లు బతికి, నన్ను పీక్క తిని పోయింది."

నవ్వులే నవ్వులు. ఒకామెకు పొలమారింది. నేను కూడా నవ్వాను. బస్సెక్కి పుంగనూరు దాటాక నా నవ్వు ఆగిపోయింది.

ఫిబ్రవరి 28

ఆరు పుస్తకాలు. పొద్దున్నుంచి. అన్నం మంచం మీదే.

మార్చి 1

లేదు. ఎక్కడా లేదు. సలోమి చనిపోయినప్పుడు ఆమె వయసెంతో, నౌక దిగి ఎన్నాళ్లయిందో, ఆరు పుస్తకాల్లో ఒక్క వాక్యం కూడా లేదు. మొదటి పుస్తకం మొదలయ్యేటప్పటికి వాళ్లు దిగి యాభై ఏళ్లు. సమాధి పాతదని కూడా రాయలేదు. జడ వేసుకున్న పడుచుపిల్ల అట్ట మీద ఉంది, అంతే. అది బొమ్మ వేసినాయన ఇష్టం. దాన్ని చూసి నలభై ఏళ్లుగా అందరం ఆమెను పడుచుదనంలోనే పూడ్చేశాం.

నాకు పదమూడేళ్లప్పుడు ఆమెకు పదమూడు అనుకున్నాను. పందొమ్మిదప్పుడు పందొమ్మిది. ఇప్పుడు ఇరవై నాలుగు అని చెప్పాను. నాకిప్పుడు ఇరవై నాలుగు.

నాగేంద్ర అన్నకు ఫోన్ చేసి చెప్పాను. అవతల పేజీలు తిప్పుతున్న చప్పుడు చాలాసేపు. తర్వాత, ఇది కుదరదు, చదివినవాళ్లు ఒప్పుకోరు అని పెట్టేశాడు.

మార్చి 2, ఆదివారం

నాగేంద్ర అన్న ఏడు గంటలకే ఫోన్ చేశాడు. నిద్రపోయినట్టు లేడు. మూడో పుస్తకంలో పాతికేళ్ల కుర్రాడొకడు, "సిన్నప్పుడు సలోమి కాడ తినిన తిట్లు ఇంకా అరగలేదు" అంటాడట. గ్రహం మీద పుట్టిన కుర్రాడు. నౌక దిగిన రోజే ఆమె పోయి ఉంటే వాడిని ఎవరు తిట్టారు?

"ఇరవై సార్లు సదివినా షైలజమ్మా ఆ పుస్తకం. ఇరవై సార్లూ అచ్చుతప్పు అనుకున్యా."

ముక్కు ఎగబీల్చాడు. ఏడుస్తున్నాడా అన్న అనుకునేలోపు, బొమ్మ వేసేవాడికి ఫోన్ చేసి ముడతలు పెట్టమని చెప్పాలని పెట్టేశాడు.

మార్చి 6, గురువారం

వేరుశెనగ పొట్టును కాల్చి బొగ్గు చేస్తారు. ఆ బొగ్గుతో గాలిని వడపోస్తారు. పంట గదిలో, ఆకుల మధ్య, సలోమికి మంచం వేస్తారు. ఫిజిక్స్ కంటే ఇది కెమిస్ట్రీ. నిజానికి పదకొండు మంది తిట్ల ఫలితం. పన్నెండో రోజున సలోమి కళ్లు తెరిచి, నా మంచం మీద ఈ వేరుశెనగ ఎవరు ఒలిచారని కేకలేస్తుంది.

వసారాలో ఎవరో స్తోత్రం అన్నారు. ఇంకెవరో చప్పట్లు కొట్టారు. విజయమ్మ ఇవాళ గిన్నెలు ఇంకొకరికి అప్పగించి మొదటి నుంచీ వచ్చి కూర్చుంది. లేచి నా తల రెండు చేతులతో పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. నుదురంతా చింతపండు.

యేసమ్మ గారు ఆదివారం పది గంటలకు గుడికి రమ్మన్నారు. సంతకం గురించా అని అడిగితే, సాక్ష్యం గురించి అన్నారు.

మార్చి 9, ఆదివారం

వెళ్లకూడదనుకున్నాను. పదో తరగతి తర్వాత నేను ఏ గుడిలోనూ లేచి నిలబడింది లేదు. అమ్మ మాత్రం ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని ఎనిమిదింటికే బస్టాండులో నిలబడింది.

ఐజాక్ అయ్యగారు ప్రార్థన పుస్తకం తెరిచాడు. మోకాలి ఆపరేషన్ ఆయన లేచి సాక్ష్యం చెప్పాడు, పేరు కొట్టేశారు. తర్వాత అయ్యగారు గొంతు సవరించుకుని, సలోమి తరఫున ఎవరని అడిగాడు. ఆడవాళ్ల వైపు నుంచి పదకొండు తలలు తిరిగాయి. యేసమ్మ గారి తల తిరగలేదు. ఆమె వీపు చూస్తూ నేను లేచాను.

ఏం చెప్పానో అక్షరం పోకుండా గుర్తుంది, కాబట్టి రాసిపెడతాను. నా పేరు షైలజ. మదనపల్లె. సలోమికి నేనొక్కదాన్నే ఉన్నాను. ఐదు వారాలు ఆమె ఊపిరాడక పడి ఉంది. ఆమె చనిపోవాలనే అందరూ నిర్ణయించారు. నేను కూడా. మీరంతా ఇక్కడ ప్రార్థన చేయకపోయి ఉంటే ఆమె ఈపాటికి లేదు. ఇప్పుడు లేచి తిరుగుతోంది. అందరినీ తిడుతోంది.

అందులో ఒక్క అబద్ధం లేదు.

హల్లెలూయ అన్నారు. మగవాళ్ల వైపు, సంగతి బొత్తిగా తెలియని వాళ్లు ఇంకా గట్టిగా అన్నారు. అయ్యగారు కలం తీసి పేరు మీద గీత గీశాడు. గీత వంకరపోయింది. అమ్మ ముక్కు చీదుకుంటూ, స్కూల్లో ప్రైజు తెచ్చుకున్నప్పుడు కూడా ఇంత బాగా మాట్లాడలేదంది.

మార్చి 13

గ్రహం మీద దిగారు. మొదటి బోరు. మూడొందల అడుగులకు రాయి, సలోమి చెప్పినట్టే. సుత్తులన్నీ కింద.

మార్చి 17

ఇప్పుడు చంపాలి. నిజంగా. ఈసారి చిక్కబరచడానికి ఇంకేమీ మిగల్లేదు. సలోమికి డెబ్బై ఒకటి.

సంతకం గురించి మూడు రోజులుగా ఆలోచించలేదని ఇప్పుడే గమనించాను. గమనించాను కాబట్టి మార్చి ఆఖరుకు ఎన్ని రోజులో మళ్లీ లెక్కపెట్టాను.

మార్చి 20, గురువారం

చింతపండు కాలం అయిపోవస్తోంది. గోతాలు సగానికి దిగాయి. ఇవాళ ఎవరూ వాటిని విప్పలేదు.

చదివాను. మధ్యాహ్నం, మంచం మీద సలోమి. చుట్టూ ఆమె తిట్టి పెంచిన వాళ్లు. ఒకడు నీళ్లు తాగిస్తున్నాడు, ఒకతి కాళ్లు పడుతోంది. ఎవరికో ఏదో గొప్ప మాట చెబుతుందని కలం పట్టుకుని కూర్చున్నాడు ఊరి పెద్ద. ఆమె కళ్లు తెరిచి, "మోటరు ఆపినారా?" అని అడుగుతుంది. ఆపలేదు. ఒకడు లేచి పరుగెత్తుతాడు. వాడు తిరిగొచ్చేసరికి ఆమె లేదు.

నోట్‌బుక్ మూశాను. విజయమ్మ నవ్వుతోంది, కళ్ల నుంచి నీళ్లు వాటంతట అవి పోతున్నాయి. రెండూ తుడుచుకోలేదు.

యేసమ్మ గారు కాగితం ఇవ్వమన్నారు. నాగేంద్ర అన్న ఇచ్చిన అంగీకారపత్రం. నా చెయ్యే ఆలస్యం చేసింది. సంచీలో రెండుసార్లు వెతికాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని ప్రతి అక్షరం చదివారు. సంతకం చేసే ముందు కలం ఆపి నా వైపు చూశారు.

"మా అన్న ఆమెను మొదటి మాటలోనే యాల పూడ్చిపెట్టినాడో తెలుసా? నేనే అడిగితిని. ఆడోళ్లు మాట్లాడేది రాసేది నాకు రాదు మే, అందుకే ముందుగానే సంపేస్తిని అన్నాడు. రాసేవాళ్లు వచ్చినప్పుడు రాసుకుంటారులే అన్నాడు."

నాకంటే ముందు వచ్చి వెనక్కి పోయిన ఆ ఇద్దరి సంగతి అడిగాను.

"వాళ్లూ ఆమె నోరు మూసే తెచ్చినారు. ఒకాయన రాసిన సలోమి ఐదొందల పేజీలు కిటికీలోంచి సూస్తానే ఉండాది. ఆడమనిషికి అంత తీరిక యాడిది?"

సంతకం పెట్టారు. నర్సమ్మ సంతకం, మందుల చీటీ మీద పెట్టినట్టు, టక్కున. నాకు కేక వేయాలనిపించింది. వేయలేదు. వసారాలో ఎవరూ ఆ కాగితం వైపు చూడటం లేదు.

ఇక్కడ ఎవరైనా పోతే, భూస్థాపన అయ్యాక ఆడవాళ్లు ఒకచోట కూర్చుని పోయినామె మాటలు చెప్పుకుంటారు. అది మొదలైపోయింది. మా పెద్దోడి పెండ్లిలో సాంబారు పలచగా ఉండాదని అందురి ముందరా అనేసింది సలోమి, అంది ఒకామె. నన్నయితే పురిటి మంచం మీద ఉన్నప్పుడు కూడా వదల్లేదు, అంది ఇంకొకామె. మా ఆయన్ని తిట్టిన రోజు నుంచే కదా ఆయన తాగుడు తగ్గించినాడు, అంది విజయమ్మ. యేసమ్మ గారు, అది నాకు బోరు చప్పుడు వినడం నేర్పింది, అన్నారు, ఏ మొహమాటం లేకుండా.

వీటిల్లో ఒక్కటీ నేను రాయలేదు.

పెన్సిల్ వెతికి, నోట్‌బుక్ వెనక అట్ట మీద గబగబా రాసుకోవడం మొదలుపెట్టాను. మదనపల్లె బస్సు పోతోందని ఎవరో అన్నారు. పోనీయండి అన్నాను.